ద్వీపాంతరం పంపారంటే అండమాన్ కే అనుకోకండి, ముందు ఏ ఏడాదో తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ పూర్వీకుల్లో ఒకాయనను ‘నరసింహారెడ్డి గొడవల కాలంలో దొరలు ద్వీపాంతరం పంపారు, మళ్లీ రాలేదు’ అని ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఊరు కోయిలకుంట్ల పక్కన. మీరు అండమాన్ వెళ్లినప్పుడు సెల్యులార్ జైల్లో రాళ్ల మీద చెక్కిన పేర్లన్నీ చదివారు, ఇంటర్నెట్‌లో దొరికిన జాబితాలు కూడా చూశారు, ఆ పేరు ఎక్కడా లేదు. అందుకని ఇంట్లో చెప్పేది కట్టుకథేమో అని మీకు అనుమానం వచ్చింది.

కట్టుకథ అని అప్పుడే తీర్మానించకండి. ఆ పేరు అక్కడ ఉండే అవకాశమే లేదు. నేను మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటి జైలు కాగితాల మీద చాలాకాలంగా పనిచేస్తున్నాను. మన వాళ్లు ఎక్కువమంది సరిగ్గా ఇక్కడే దారి తప్పుతారు. ద్వీపాంతరవాసం అనగానే అండమాన్, అండమాన్ అనగానే సెల్యులార్ జైలు, ఆ జైలు అనగానే స్వాతంత్ర్య సమరయోధులు. ఈ మూడూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నిజానికి అవి మూడు వేర్వేరు విషయాలు, మూడు వేర్వేరు కాలాలు.

కంపెనీ పాలన మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసింది 1847 ఫిబ్రవరి 22న. ఆయన అనుచరుల్లో శిక్షపడ్డ వాళ్లను అండమాన్ జైలుకు పంపారని ఎన్నోచోట్ల రాస్తుంటారు, ఒకరిని చూసి ఒకరు. 1847లో అండమాన్‌లో జైలు లేదు, బ్రిటిష్ వాళ్ల స్థావరమే లేదు. 1789లో ఒకసారి అక్కడ స్థావరం పెట్టారు, ఖైదీలనూ తీసుకెళ్లారు, కానీ జ్వరాలతో జనం చచ్చిపోతుంటే 1796లో మూసేసి, ఉన్న ఖైదీలను ఇప్పటి మలేసియాలోని పినాంగ్‌కు తరలించారు. ఆ తర్వాత అరవై ఏళ్లు అటువైపు చూడలేదు. మళ్లీ ఖైదీలతో ఓడ చేరింది 1858 మార్చి 10న, అది కూడా 1857 తిరుగుబాటులో దొరికిన వాళ్లను ఏంచేయాలో తోచక. కాబట్టి 1847లో మీ ఊరి మనిషిని నిజంగా సముద్రం దాటించి ఉంటే, వెళ్లింది పినాంగ్, సింగపూర్, మలక్కాలలో ఏదో ఒకదానికి, కాకపోతే బర్మాలోని మౌల్మేన్ వైపు. మీరు వెతకాల్సిన చోటు అది.

ఈ పద్ధతి కథ చాలా వెనక మొదలవుతుంది. ఇంగ్లండ్ తన సొంత ఖైదీలను 1718 చట్టం తర్వాత పెద్ద ఎత్తున అమెరికా పంపేది. అమెరికా తిరగబడ్డాక ఆ దారి మూసుకుపోయింది, అప్పుడు ఆస్ట్రేలియా మీద పడింది. మొదటి ఓడలు ఇంగ్లండ్ నుంచి బయల్దేరింది 1787 మేలో. సరిగ్గా అదే ఏడాది ఈస్టిండియా కంపెనీ బెంగాల్ నుంచి మన దేశపు ఖైదీలను సుమత్రా దీవిలోని బెంకూలెన్‌కు పంపడం మొదలుపెట్టింది. ఆస్ట్రేలియాకు 1868 దాకా వెళ్లిన సుమారు 1,62,000 మంది గురించి ప్రపంచమంతా తెలుసు, వాళ్ల మనవళ్లూ మునిమనవళ్లూ ఈరోజు గర్వంగా చెప్పుకుంటారు. మన వాళ్ల గురించి మనకే తెలియదు. నాకు బాధ కలిగించేది ఇదే.

బెంకూలెన్ తర్వాత పినాంగ్. దక్షిణాది పాళెగాళ్ల తిరుగుబాటు అణచివేశాక, 1802లో శివగంగ ప్రాంతపు నాయకులను డెబ్బై మందికి పైగా పినాంగ్‌కే పంపారు. 1815 నుంచి 1837 దాకా మారిషస్‌కు బెంగాల్, బొంబాయి ఖైదీలు వెళ్లారు. మద్రాసు నుంచి కాదు, ఇది గుర్తుంచుకోండి. మారిషస్ తెలుగువాళ్లు ఖైదీల సంతతి అని అక్కడక్కడా రాస్తుంటారు, అది తప్పు. వాళ్ల పెద్దలు కోరంగి, కాకినాడ, విశాఖ వైపు రేవుల నుంచి చెరకు తోటల్లో కూలి ఒప్పందం మీద వెళ్లినవాళ్లు. ఇక 1824లో డచ్చివాళ్లతో ఒప్పందం కుదిరి బెంకూలెన్ వాళ్లకు అప్పగించాల్సి వచ్చినప్పుడు, అక్కడి ఖైదీలను పినాంగ్, సింగపూర్‌లకు పంచారు. 1825 ఏప్రిల్‌లో సింగపూర్‌లో దిగిన మొదటి జట్టు మద్రాసు ఖైదీలదే, ఎనభై మంది. అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీ అంటే గంజాం నుంచి తిరునెల్వేలి దాకా, కోస్తా, రాయలసీమలో చాలాభాగం అందులోనివే.

ఎందుకు పంపారు అంటే దొరల కాగితాల్లో ఒకటే పాట వినిపిస్తుంది. సముద్రం దాటితే హిందువుకు కులం పోతుంది, ఉరి కన్నా వాడికి అదే ఎక్కువ భయం, కాబట్టి ఇది గొప్ప శిక్ష అని. 1838లో జైళ్ల మీద వేసిన కమిటీ కూడా ఇదే వాదన గట్టిగా చేసింది. భయం ఉన్నమాట నిజమే, కాదనను. ఊరు, పెళ్లాం బిడ్డలు, పొలం, దేవుడు అన్నీ ఒక్క తీర్పుతో పోతాయి, కులం సంగతి అటుంచినా ఎవరికైనా గుండె జారిపోతుంది. కానీ అసలు సంగతి కూలి. కొత్తగా పట్టుకున్న రేవుల్లో అడవి కొట్టాలి, బురద పూడ్చాలి, రోడ్లు వేయాలి, మనుషులు లేరు. తిండి, బట్ట పెడితే చాలు, జీతం అడగని మనుషులు ఖైదీలు. నా మాట నమ్మడానికి ఆధారం సింగపూరే ఇస్తుంది. ఊరు పెరిగి బయటి కూలీలు కావలసినంతమంది దొరికాక, అక్కడి యూరోపియన్ వర్తకులే ‘మా ఊళ్లోకి హిందూస్థాన్ నేరస్తులను తెచ్చి పోయకండి’ అని గోల పెట్టారు, 1857 తర్వాత ఆ గోల ఇంకా ఎక్కువైంది, చివరికి 1873లో అక్కడి ఖైదీల జైలు మూసేశారు. కులభయం ఎక్కడికీ పోలేదు, ఖైదీల అవసరమే తీరిపోయింది.

ప్రయాణం గురించి ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు, ఎందుకంటే వెళ్లినవాడు తిరిగొస్తే కదా. కాళ్లకు సంకెళ్లు, ఓడలో సరుకు పెట్టే చీకటి అంతస్తులో పడక, వంటకూ నీళ్లకూ ఎవరి కులం చేయి తగిలిందన్న గొడవ. గొడవలు మాటలతో ఆగని సందర్భాలున్నాయి. 1854లో కలకత్తా నుంచి పినాంగ్ వెళ్తున్న క్లారిస్సా అనే ఓడలో ఖైదీలు తిరగబడి కెప్టెన్‌ను చంపి, ఓడను బర్మా తీరానికి తోలారు. చాలావరకు దొరికిపోయారు. బెంగాల్‌లో 1797 నుంచి యావజ్జీవ ఖైదీల నుదుటి మీద పేరూ నేరమూ పచ్చబొట్టు పొడిచేవాళ్లు. దాన్ని గోద్నా అనేవాళ్లు. 1849 దాకా ఆ పని చట్టప్రకారమే సాగింది. తలపాగా నుదుటి మీదికి లాక్కుని బతికినవాళ్లు ఎంతమందో.

సింగపూర్ గురించి కొంచెం వివరంగా చెబుతాను, మీ వాడు అక్కడికే వెళ్లి ఉండే అవకాశం ఉంది కాబట్టి. అక్కడ ఖైదీలను ఆరు తరగతులుగా విడదీశారు. కొత్తగా వచ్చినవాడు కింది తరగతిలో సంకెళ్లతో రోడ్డు పని చేయాలి. నడవడి బాగుంటే సంకెళ్లు తీసేస్తారు, తర్వాత ఆస్పత్రిలోనో కచేరీలోనో బంట్రోతు పని ఇస్తారు, యావజ్జీవం పడ్డవాడికి 16 ఏళ్లు గడిచాక మొదటి తరగతి, అంటే ఊళ్లో సొంతంగా బతుక్కోవచ్చు, పిలిచినప్పుడు హాజరు వేయించుకోవాలి. అయిదో తరగతి తప్పు చేసి కిందికి దిగజారినవాళ్లది, ఆరోది ముసలివాళ్లు, రోగిష్టులు, ఆడవాళ్లది. కాపలా కాసేది కూడా పై తరగతి ఖైదీలే. దీన్ని చూసి బయటి దేశాల అధికారులు ఆశ్చర్యపోయి వర్ణించారు. నాకు మాత్రం ఖర్చు మిగుల్చుకునే ఏర్పాటుగానే కనిపిస్తుంది. అయినా ఒకటి ఒప్పుకోవాలి, మన దేశపు జైలు గదిలో పద్నాలుగేళ్లు కుళ్లడం కన్నా అక్కడ మనిషికి పని చేతికి వచ్చేది. వడ్రంగం, కమ్మరం, రాతిపని, ఇటుకలు కాల్చడం నేర్చుకున్నారు. ఆ ఖైదీలు చేసిన ఇటుకలకు 1867లో ఆగ్రా ప్రదర్శనలో బహుమతి వచ్చింది.

సింగపూర్‌లో సెయింట్ ఆండ్రూస్ కెథెడ్రల్ అని తెల్లగా మెరిసే చర్చి ఉంది. 1856 నుంచి 1860ల మొదటి ఏళ్ల దాకా కట్టింది మన ఖైదీలే. లోపలి గోడల పూత ఎలా చేశారో ఆ పని చేయించిన మెక్‌నెయర్ అనే ఇంజనీరు రాసిపెట్టాడు. గుల్లసున్నం, కోడిగుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి గిలక్కొట్టి ముద్ద చేసి, కొబ్బరిపీచు నానబెట్టిన నీళ్లతో కలిపి గోడకు పట్టించి, ఆరాక స్ఫటికపు రాయితో నున్నగా రుద్ది, పైన బలపపు రాతి పొడి అద్దుతూ మెరుగు పెట్టారు. అక్కడ దాని పేరే మద్రాస్ చునామ్. గానుగ సున్నంలో బెల్లం నీళ్లూ, తెల్లసొనా వేసి పాత మిద్దెలు కట్టిన ఊళ్ల నుంచి వచ్చిన వాళ్లం మనం, ఆ చేతివాటం ఎక్కడిదో మనకు వేరే చెప్పాలా? గవర్నరు కోసం కట్టిన భవనం కూడా ఖైదీల చేతిదే, 1867–69 మధ్య. ఇప్పుడు అది సింగపూర్ అధ్యక్షుడి అధికారిక నివాసం. నగరంలో పాత రోడ్లు, కాలవలు, సముద్రంలోని దీపస్తంభాలు, వీటన్నిట్లోనూ వాళ్ల చెమట ఉంది. శిక్ష తీరినవాళ్లలో చాలామంది వెనక్కి రాలేదు, పశువులు పెంచారు, ఎడ్లబండ్లు తోలారు, అక్కడే పెళ్లి చేసుకుని అక్కడి జనంలో కలిసిపోయారు. మీ పెద్దాయన ‘మళ్లీ రాలేదు’ అంటే చచ్చిపోయాడనే అర్థం తీసుకోనక్కర్లేదు.

ఇక 1858 తర్వాతి సంగతి వేరు. వాకర్ అనే ఆగ్రా జైలు సూపరింటెండెంటు 200 మందితో పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు. మొదటి నెలల్లోనే గుంపులు గుంపులుగా అడవిలోకి పారిపోయారు. బర్మాకు నడిచి వెళ్లొచ్చని వాళ్లకు ఎవరో చెప్పారట. పట్టుబడ్డవాళ్లలో ఎనభై మందికి పైగా ఉరితీయించాడు. మన హైదరాబాద్ కథ కూడా ఇక్కడే కలుస్తుంది. 1857 జూలై 17న కోఠీ రెసిడెన్సీ, అంటే బ్రిటిష్ ప్రతినిధి ఉండే భవనం మీద దాడి చేసిన ఇద్దరు నాయకుల్లో తుర్రెబాజ్ ఖాన్‌కు ద్వీపాంతరవాసం పడింది, ఆయన జైలు నుంచి తప్పించుకుని తూప్రాన్ దగ్గర 1859 జనవరిలో హతుడయ్యాడు. మౌల్వీ అల్లావుద్దీన్‌ను 1859లో అండమాన్ పంపారు, ఆయన అక్కడే కన్నుమూశాడు. ఆ రెసిడెన్సీయే తర్వాత కోఠీ మహిళా కళాశాల అయింది, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం; దాని ముందు నుంచి రోజూ వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఈ రెండో పేరు తెలుసు?

అండమాన్‌లో ప్రతి ఖైదీ మెడలో చెక్క బిళ్ల వేలాడేది. దాని మీద అతని నంబరు, ఏ సెక్షను కింద శిక్ష, శిక్షపడ్డ తేదీ, విడుదల తేదీ. మనిషి ఎదురొస్తే పేరు అడగక్కర్లేదు, బిళ్ల చూస్తే అతని నేరమూ మిగిలిన ఏళ్లూ తెలిసిపోతాయి. పదేళ్లో అంతకు కొంచెం అటూఇటో గడిచాక నడవడి బాగున్నవాళ్లకు భూమి ఇచ్చి సాగు చేసుకోనిచ్చారు, ఆడ ఖైదీలను పెళ్లి చేసుకోనిచ్చారు. ఆడవాళ్లు చాలా తక్కువ, ఎక్కువమంది మీద భర్తను చంపిన కేసో, పసిబిడ్డను చంపిన కేసో. ఆ బిడ్డ హత్య కేసుల వెనక ఎలాంటి బతుకులు ఉండేవో ఊహించుకోండి, అప్పట్లో చిన్నప్పుడే విధవలైన పిల్లలకు మళ్లీ పెళ్లి లేదు. వాళ్ల పిల్లల పిల్లలే ఇప్పుడు అండమాన్‌లో ‘లోకల్ బార్న్’ అని పిలిపించుకునే జనం. అక్కడ ఇప్పుడున్న తెలుగువాళ్లను చూసి అందరూ ఖైదీల వారసులే అనుకోవద్దు, ఎక్కువ కుటుంబాలు తర్వాతి కాలంలో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి బతుకుదెరువుకు వెళ్లినవే.

సెల్యులార్ జైలు కట్టింది 1896 నుంచి 1906 వరకు. అంటే అది పూర్తయింది అండమాన్ శిక్షాస్థావరం మొదలైన దాదాపు యాభై ఏళ్లకు. అప్పటిదాకా ఖైదీలు రాస్, వైపర్, చాథమ్ దీవుల్లోనూ, పోర్ట్ బ్లెయిర్ చుట్టూ ఉన్న బ్యారక్‌ల్లోనూ ఉండేవాళ్లు. 1872లో వైస్రాయ్ మేయోను పొడిచి చంపిన షేర్ అలీ కూడా అలా బయట పనిచేసుకునే ఖైదీయే. సెల్యులార్ జైల్లో గోడల మీద మీరు చూసిన పేర్లు రాజకీయ ఖైదీలవి, అందులోనూ ఎక్కువభాగం 1909 తర్వాతవి. దొంగతనం, దోపిడీ, హత్య, జమీందారు కచేరీ తగలబెట్టిన కేసు, ఇలాంటి వాటి కింద వెళ్లిన వేలమంది పేర్లు ఏ గోడ మీదా లేవు. మరి కచేరీ తగలబెట్టినవాడు నేరస్తుడా, తిరుగుబాటుదారుడా? కోర్టు దోపిడీ అని రాస్తే దోపిడీ అయిపోయింది. మన్యం వాళ్ల సంగతి కొంత నయం. 1879–80 రంప తిరుగుబాటు తర్వాత కొందరిని అండమాన్ పంపారు, 1922–24లో అల్లూరి సీతారామరాజుతో నడిచిన వాళ్లకూ ద్వీపాంతర శిక్షలు పడ్డాయి. గాం మల్లుదొరకు మొదట ఉరిశిక్ష వేసి, తర్వాత ద్వీపాంతరంగా మార్చారు. ఆయన బతికి బయటపడి 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ శిక్ష పేరు మన శిక్షాస్మృతిలో 1955 చివరిదాకా ఉంది, 1956 జనవరి నుంచి దాని స్థానంలో ‘యావజ్జీవ కారాగారం’ వచ్చింది. అండమాన్‌లోని రాజకీయ ఖైదీలను మాత్రం వాళ్ల 1937 నిరాహార దీక్షల తర్వాత వెనక్కి తెచ్చారు.

సరే, ఇప్పుడు మీరు చేయాల్సిన పని. అన్నిటికన్నా ముందు జిల్లా పేరు సరిచేసుకోండి. మీ ఊరు ఇప్పుడు నంద్యాల జిల్లా, మొన్నటిదాకా కర్నూలు జిల్లా, కానీ 1847లో కోయిలకుంట్ల తాలూకా కడప జిల్లాలోది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడే అందులోకి మారింది. కర్నూలు కాగితాల్లో ఎంత వెతికినా దొరకదు. ఇతర జిల్లాల వాళ్లు చదువుతుంటే వాళ్లకూ ఇదే మాట: 1859కి ముందు కృష్ణా జిల్లా లేదు, గోదావరి జిల్లా లేదు, మచిలీపట్నం, రాజమండ్రి పేర్లతో వెతకాలి. 1859 నుంచి 1904 దాకా గుంటూరు కృష్ణా జిల్లాలో భాగం.

తర్వాత కోర్టు. 1862లో మద్రాసు హైకోర్టు రాకముందు పెద్ద క్రిమినల్ కేసులు ఫౌజ్‌దారీ అదాలత్‌కు, అంటే కంపెనీ వాళ్ల పై క్రిమినల్ కోర్టుకు వెళ్లేవి. ఆ తీర్పులు, ప్రభుత్వపు జుడీషియల్ ఉత్తరప్రత్యుత్తరాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అనుమతి తీసుకుని కూర్చుంటే చూడనిస్తారు, ఓపిక కావాలి, అంతే. సింగపూర్ జాతీయ ఆర్కైవ్స్‌లో స్ట్రెయిట్స్ సెటిల్మెంట్స్ రికార్డులున్నాయి, పినాంగ్, మలక్కా, సింగపూర్‌లను కలిపి అలా పిలిచేవాళ్లు. లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు కాగితాలున్నాయి. నిజాం రాజ్యం నుంచి పంపినవాళ్ల కోసమైతే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్ చూడాలి.

ఓడ ఎక్కించేటప్పుడు రాసిన ఖైదీల పట్టీల్లో సాధారణంగా పేరు, తండ్రి పేరు, కులం, వయసు, నేరం, శిక్ష, ఒంటి మీది గుర్తులు ఉంటాయి. ఇంటిపేరు తరచుగా ఉండదు. పేరును ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు, వెంకటసుబ్బయ్య మూడు కాగితాల్లో మూడు రకాలుగా కనిపించొచ్చు, కాబట్టి పేరును పట్టుకుని కాకుండా తండ్రి పేరు, కులం, ఏడాది ఈ మూడూ కలిసే వరుస కోసం చూడండి. నరసింహారెడ్డి కేసులో అరెస్టయినవాళ్లు వందల్లో ఉన్నారు, అందులో ఎక్కువమందిని వదిలేశారు, మిగిలినవాళ్లలో చాలామందికి మన దేశపు జైళ్లలోనే కొన్నేళ్ల శిక్షలు పడ్డాయి. కాబట్టి కడప కాగితాల్లో మీ వాడి పేరు దొరికినా, ద్వీపాంతరం అని ఆ తీర్పులో స్పష్టంగా ఉందో లేదో చూడాలి. దూరపు జైల్లో చచ్చిపోయినవాడిని కూడా ఇంట్లో ‘ద్వీపాంతరం పోయాడు’ అనేవాళ్లు.

ఈలోగా మీ ఇంట్లో ముసలివాళ్లను ముందు ఆయన తండ్రి పేరు అడగండి, ఆ తర్వాత భూమి ఏమైనా పోయిందా అని అడగండి. ఆ కుటుంబానికి ఇనాం భూమి ఉండి ఉంటే 1860ల నాటి ఇనాం కమిషన్ రిజిస్టర్లలో హక్కుదారు ఎవరు, ఎప్పటి నుంచి అనే వివరం దొరికే అవకాశం ఉంది, అక్కడ ఒక పేరు ఆగిపోయి తమ్ముడి పేరో కొడుకు పేరో మొదలైతే మీకు ఏడాది ఇంచుమించుగా తేలుతుంది. తండ్రి పేరు, ఊరు, కులం, ఇంచుమించు ఏడాది, ఈ నాలుగూ సంపాదించి ఇక్కడే రాయండి, ఎగ్మూరులో ఏ వరుస సంపుటాలు అడగాలో నేను చెబుతాను.